తల్లి గర్భమందు శిశువు ఎదుగు విధము

కుటుంబ పాఠము

చదువవలసిన వాక్యభాగములు: న్యాయాధిపతులు 13:2–14, కీర్తన 139:13–16, ప్రసంగి 11:5, లూకా 1:36–45, యోహాను 9:1–3.

మానోహ అను మనుష్యునికి చాలకాలము సంతానము లేకయుండెను. అతని భార్యకు కుమారుడు పుట్టునని దేవదూత తెలిపిన పిమ్మట మానోహ ప్రార్థించి, పుట్టబోవు ఆ బిడ్డ విషయమై తాము ఏమి చేయవలెనో నేర్పుమని దేవుని వేడుకొనెను. దూత మరల వచ్చెను. అయితే బిడ్డను గూర్చి క్రొత్త సంగతి ఏదియు చెప్పలేదు. తల్లి ఏమి త్రాగకూడదో, ఏమి తినకూడదో మునుపు ఆమెతో చెప్పిన దానినే భర్తకును చెప్పి, ఆమె దానిని గైకొనవలెనని పలికెను.

తండ్రి బిడ్డను గూర్చి అడిగెను. జవాబు తల్లిని గూర్చి వచ్చెను. ఆ కుమారుడు నాజీరుగా నుండవలసినవాడు గనుక ఆ కట్టడకు ప్రత్యేకమైన కారణము కలదు. అయినను మన యిండ్లన్నిటికిని చెందిన సత్యమొకటి అందులో నున్నది. ఇంకను పుట్టని బిడ్డయొద్దకు మన చెయ్యి చేరదు. వానికి అన్నము పెట్టలేము, దుప్పటి కప్పలేము, మందు త్రాగింపలేము. మేలైనను కీడైనను తల్లి అను ఒక్క ద్వారముననే లోపలికి పోవును. కాబట్టి గర్భమందలి శిశువు ఎట్లు ఎదుగునో తెలిసికొనుట, తల్లియెడల మన ధర్మమేమో తెలిసికొనుటకే. ఈ పాఠమును స్త్రీల సమాజములో మాత్రమే గాక పురుషులును, అత్తమామలును కూర్చున్న చోట చదువుడి.

1. మరుగు కొంత తొలగినది

గర్భిణి లోపల ఎముకలు ఎట్లు కట్టబడునో మనుష్యులు ఎరుగరని ప్రసంగి గ్రంథకర్త వ్రాసెను. ఆ మరుగు ఎన్నో తరములు తొలగలేదు. 1694లో హార్ట్‌సోకర్ అను డచ్చి విద్వాంసుడు, పురుష బీజములో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న చిన్న మనుష్యుని బొమ్మను గీసెను. బిడ్డ ముందుగానే పూర్తిగా తయారై యుండుననియు, గర్భములో పెద్దదగుట మాత్రమే జరుగుననియు ఆ కాలమున అనేకులు తలంచిరి. 1827లో ఫాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు పాలిచ్చు జీవుల అండమును మొట్టమొదట సూక్ష్మదర్శినితో కనుగొనెను. 1958లో స్కాట్లండు దేశములోని గ్లాస్గో నగరమున ఇయన్ డొనాల్డ్ అను వైద్యుడును ఆయన సహకారులును, చెవికి వినబడని ధ్వని తరంగములతో గర్భము లోపలిని చూచు విధానమును ప్రకటించిరి. నేడు మన పట్టణములలో స్కానింగు అని చెప్పుకొనునది ఆ విధానమునుండి పెరిగినదే.

బిడ్డ ముందే తయారై యుండదనియు, కంటికి కానరాని ఒక్క కణమునుండి దినదినము కట్టబడుచు వచ్చుననియు నేడు మనకు తెలియును. కీర్తనకారుడు తాను రహస్యమందు నిర్మింపబడితినని పాడినప్పుడు అతనికి సూక్ష్మదర్శిని లేదు. మనకు ఉన్నది. అయినను ఆశ్చర్యము తగ్గలేదు.

2. నెలల లెక్క

లెక్కలో తికమక పడకుండుటకు ఒక మాట. గర్భము నిలిచిన దినము ఎవరికిని సరిగా తెలియదు. కనుక వైద్యులు కడపటి ముట్టు మొదటి దినమునుండి 280 దినములు, అనగా 40 వారములు లెక్కించెదరు. నిజముగా బిడ్డ గర్భములో నుండునది దానికంటె సుమారు రెండు వారములు తక్కువ. ఈ పాఠములో చెప్పు వారములన్నియు వైద్యుల లెక్క ప్రకారమైనవే. ఆస్పత్రిలో ఇచ్చు తల్లీబిడ్డల కార్డుమీద కూడ ఆ లెక్కయే యుండును. కాబట్టి ప్రతి స్త్రీయు తన ముట్టు తేదీని గోడమీదనున్న పంచాంగములో గురుతు పెట్టుకొనుట మంచిది. ఆ చిన్న గురుతు లేనందువలన, నెలలు నిండకమునుపే వచ్చిన నొప్పులను నిండిన నెలల నొప్పులని తలంచి ఇంటనే యుండిపోవుట కలదు.

3. ఆరంభము

స్త్రీ అండము మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే. పురుష బీజము అంతకంటె ఎంతో చిన్నది. ఈ రెండును గర్భసంచిని చేరు నాళములో కలిసికొనును. తల్లినుండి 23, తండ్రినుండి 23 క్రోమోజోములు వచ్చి 46 అగును. కన్నుల రంగు, జుట్టు తీరు, ఎత్తు మొదలైనవాటికి సంబంధించిన సూచనలు ఈ సన్నని పోగులలో వ్రాయబడి యుండును.

ఇక్కడ మన గ్రామములలో అనేకమంది స్త్రీల కన్నీటికి కారణమైన సంగతి యొకటి చెప్పవలసి యున్నది. తల్లి అండమునందు ఎల్లప్పుడును ఎక్స్ అను క్రోమోజోమే యుండును. తండ్రి బీజములలో సగమునందు ఎక్స్, సగమునందు వై యుండును. ఎక్స్ వచ్చి చేరినయెడల ఆడపిల్ల, వై వచ్చి చేరినయెడల మగపిల్లవాడు. ఇది తండ్రి చేతిలోనిది కాదు, తల్లి చేతిలోనిది అసలే కాదు. వరుసగా ఆడపిల్లలను కన్నదని కోడలిని నిందించు ఇల్లు, తెలియక యొక అన్యాయము చేయుచున్నది. తెలిసిన తరువాత కూడ నిందించినయెడల అది పాపమగును. గర్భములోని బిడ్డ ఆడయో మగయో చెప్పుటను 1994 సంవత్సరపు చట్టము నిషేధించినది. స్కానింగు గదిలో ఆ ప్రశ్న అడుగనే కూడదు.

కలిసిన ఆ ఒక్క కణము మరునాటికో ఆ మరునాటికో రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదియగును. ఇట్లు విభజింపబడుచు నాలుగైదు దినములకు గర్భసంచిని చేరి, మరికొన్ని దినములలో దాని గోడలో విత్తనము నేలలో నాటుకొనినట్లు నాటుకొనును. తల్లికి నెల తప్పక మునుపే ఈ పని జరిగిపోవును.

4. మొదటి మూడు నెలలు

అయిదవ వారము ముగియునప్పటికి చిన్న గొట్టమువంటి గుండె కొట్టుకొనుట మొదలుపెట్టును. అప్పటికి బిడ్డ నువ్వు గింజకంటె పెద్దది కాదు. అదే సమయమున వీపు వైపున పలుచని పొర యొకటి రెండంచులు కలిసి గొట్టముగా మూసికొనును. ఆ గొట్టముయొక్క పైభాగము మెదడును, క్రిందిభాగము వెన్నుపామును అగును. ఆరవ వారము ముగియునప్పటికి, అనగా నెల తప్పిన రెండు వారములకే, ఈ గొట్టము పూర్తిగా మూసికొనవలెను. ఎక్కడనైనను మూయబడక నిలిచినయెడల బిడ్డ వెన్నులో గాని తలలో గాని తీరని లోపము కలుగును.

చేతులును కాళ్లును మొదట మొక్కకు చిగురులు పొడిచినట్లు పొడుచును. పదియవ వారమునకు వ్రేళ్లు విడివిడిగా కనబడును. కన్నులు, చెవులు, పెదవులు, కాలేయము, మూత్రపిండములు ఇవన్నియు ఈ వారములలోనే రూపము దాల్చును. పదివారములు నిండునప్పటికి బిడ్డ పొడవు ఇంచుమించు మూడు సెంటీమీటర్లు మాత్రమే. అయినను ముఖ్యమైన అవయవములన్నిటికిని పునాది పడియుండును. అటుపిమ్మట జరుగునది చాలవరకు పెరుగుటయు, పని నేర్చుకొనుటయు.

ఈ మాటను నిదానముగా ఆలోచించుడి. తల్లి వేవిళ్లతో బాధపడుచు, కడుపు ఇంకను కనబడకయుండి, ఇంటిలో కొందరికి సంగతియే తెలియని దినములలో పునాది పని ముగిసిపోవుచున్నది. మనము అయిదవ నెలనో ఏడవ నెలనో ఆస్పత్రికి పోవుదమని తలంచుదుము. అది మంచిదే, కాని గోడలు లేచిన తరువాత పునాదిని చూడబోయినట్లుండును. నెల తప్పినదని తెలిసిన వెంటనే ఆశా కార్యకర్తతో గాని నర్సుతో గాని చెప్పి పేరు వ్రాయించుకొనవలెను.

5. ఆకులోని మేలు

పైన చెప్పిన వెన్నుగొట్టము సరిగా మూసికొనుటకు ఫోలిక్ ఆమ్లము అను విటమిను అవసరము. ఇది ఎట్లు తెలిసెనో వినదగినది.

1928లో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీలకు వచ్చు కఠినమైన రక్తహీనతను పరిశీలించెను. వారి తిండిలో ఏదో కొదువగా నున్నదని ఆమె గ్రహించెను. పులియబెట్టుటకు వాడు ఈస్టు అను పదార్థముయొక్క సారమును ఇచ్చినప్పుడు వారు కోలుకొనిరి. ఈ సంగతిని ఆమె 1931లో ప్రకటించెను. ఆ సారములోని మేలు చేయు వస్తువేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకులనుండి ఇట్టి పదార్థమును వేరుచేసి, లాటిను భాషలో ఆకునకున్న పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945 ప్రాంతమున కనుగొన్నది అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలవారు. ఆ పరిశోధనలను నడిపించినవారు మన భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1991లో ఏడు దేశములలోని 33 కేంద్రములలో జరిగిన పరీక్ష యొక్క ఫలితము వెలువడెను. అంతకుముందు ఇట్టి లోపముగల బిడ్డను కన్న తల్లులు, గర్భము ధరింపక మునుపే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనినయెడల, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 వంతులు తగ్గెను.

బొంబాయి మిల్లులోని పేద స్త్రీల బాధనుండి ఆరంభమైన పని, తెలుగువాడొకని చేతిమీదుగా నడిచి, నేడు ఉపకేంద్రములో ఉచితముగా దొరకు చిన్న మాత్రగా మన యింటి గుమ్మమునకు వచ్చినది. దానిని అటకమీద పడవేయవచ్చునా? పెండ్లియై బిడ్డను కోరు స్త్రీ గర్భము ధరింపకమునుపే ఈ మాత్ర వాడుట ఆరంభించి, మూడు నెలలు నిండువరకు వాడుట శ్రేష్ఠము. ఇదివరలో ఇట్టి లోపముగల బిడ్డ పుట్టిన ఇంటిలో మోతాదు వేరుగా నుండును గనుక ముందుగానే డాక్టరును అడుగవలెను. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మొదలైనవాటిలోను ఈ విటమిను కలదు.

6. మాయయు బొడ్డుత్రాడును

గర్భసంచి గోడకు అంటుకొని పెరుగు మాయ, బిడ్డకు ఊపిరితిత్తుల పనియు, జీర్ణకోశము పనియు, మూత్రపిండముల పనియు చేయును. నెలలు నిండునప్పటికి దాని బరువు సుమారు అరకిలో. బొడ్డుత్రాడు ఇంచుమించు అరమీటరు పొడవుండును. తల్లి రక్తము బిడ్డ రక్తములో కలియదని చాలమందికి తెలియదు. రెండింటి నడుమ అతి పలుచని పొర యుండును. దాని గుండ ప్రాణవాయువును ఆహారసారమును లోపలికి పోవును. చెడుగు వెలుపలికి వచ్చును.

అయితే ఆ పొర సకలమును ఆపు కోటగోడ కాదు. రుబెల్లా అను తేలికపాటి పొంగుజ్వరము గర్భిణికి సోకినయెడల బిడ్డ కన్నులు చెడునని 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ కనుగొనెను. థాలిడోమైడ్ అను నిద్రమందు 1957లో జర్మనీలో అమ్మకమునకు వచ్చెను. దానిని వేవిళ్లకు వాడిన తల్లులకు చేతులును కాళ్లును సరిగా లేని బిడ్డలు వేలకొలదిగా పుట్టిరి; 1961లో దాని అమ్మకమును నిలిపివేసిరి. కనుక అంగడిలో అడిగి తెచ్చిన మాత్ర గాని, నాటు మందు గాని గర్భిణికి ఇయ్యకూడదు. ఏ జబ్బుకు ఏ డాక్టరు వద్దకు పోయినను, తాను గర్భవతినని మొదటనే చెప్పవలెను. పిల్లలకు తట్టు, రుబెల్లా టీకాలు తప్పక వేయించుడి. నేటి ఆడపిల్ల రేపటి తల్లి.

కల్లు, సారా, బ్రాందీ ఈ పొరను దాటి బిడ్డ మెదడును చేరును. పొగాకు విషము మాయకు వచ్చు రక్తమును తగ్గించి బిడ్డను చిక్కిపోజేయును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగుదురు. అది వారి నోటికి మాత్రమే గాక గర్భమునకును కీడు. భర్త గదిలో కూర్చుండి కాల్చిన చుట్ట పొగ కూడ భార్య ఊపిరి ద్వారా లోపలికి పోవును. మానోహకు వినబడిన మాట ఇక్కడ భర్తలకును వినబడవలెను.

7. నడిమి మూడు నెలలు

మూడు నెలలు నిండిన బిడ్డ సుమారు ఆరు సెంటీమీటర్లుండును. అటుపిమ్మట పెరుగుదల వేగమగును. ఇరువదవ వారమునకు మూడు వందల గ్రాముల బరువు కలుగును. ఒంటిమీద మెత్తని నూగు వెండ్రుకలును, వెన్నవంటి తెల్లని పూతయు ఏర్పడును. ఆ పూత బిడ్డ చర్మము ఉమ్మనీటిలో నానిపోకుండ కాపాడును. వ్రేళ్ల కొనల గీతలు ఈ కాలముననే స్థిరపడును. ఒకే కాన్పులో పుట్టిన కవలలకైనను ఆ గీతలు ఒక్కటిగా నుండవు. బిడ్డ ఉమ్మనీటిని మ్రింగును, మూత్రము విడుచును, బొటన వ్రేలు చప్పరించును.

తొలిచూలు స్త్రీకి సుమారు ఇరువదవ వారమునను, ఇదివరలో కన్న తల్లికి కొంత ముందుగాను బిడ్డ కదలిక తెలియును. ఆ కదలిక అప్పుడు పుట్టినది కాదు. బిడ్డ అంతకు ఎన్నో వారముల ముందునుండియే కదలుచుండును; తల్లికి తెలియునంత బలము అప్పుడు వచ్చును. ఇరువదినాలుగవ, ఇరువదియారవ వారముల ప్రాంతమున బిడ్డ ధ్వనులకు స్పందించుట మొదలుపెట్టును. తల్లి గుండె చప్పుడును, తల్లి మాటయు వాడు వినుచుండును. పుట్టిన రెండు మూడు దినములలోపుననే శిశువు పరాయి స్త్రీ కంఠముకంటె తన తల్లి కంఠమును కోరునని 1980లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూపినది.

వైద్యుడైన లూకా, మరియ వందన వచనము విని ఎలీసబెతు గర్భములోని శిశువు గంతులు వేసిన సంగతిని వ్రాసెను. అది ఆమెకు ఆరవ మాసము. లూకా దానిని వైద్యపాఠముగా వ్రాయలేదు, సంతోష వర్తమానముగా వ్రాసెను. అయినను గర్భిణి యున్న ఇంటిలో ఎట్టి మాటలు వినబడవలెనో మనము ఆలోచింపకూడదా? నిత్యము తిట్లును, దెబ్బలును ఉన్న ఇంటిలో తల్లి దేహము ఆ భయమును మోయును. లోపలి బిడ్డకును ఆ భారము తగులును.

8. కడపటి మూడు నెలలు

ఇరువదియెనిమిదవ వారమునకు బిడ్డ బరువు ఇంచుమించు ఒక కిలో. కనురెప్పలు తెరచుకొనును. మిగిలిన పండ్రెండు వారములలో ఆ ఒక్క కిలో మూడింతలు కావలెను. మెదడు మిక్కిలి త్వరగా పెరుగునది ఈ కాలముననే. చర్మము క్రింద క్రొవ్వు చేరుటయు, పుట్టిన తరువాత కొన్ని నెలలకు చాలిన ఇనుమును బిడ్డ తన కాలేయములో కూర్చుకొనుటయు ఇప్పుడే జరుగును. ఊపిరితిత్తులు మూతపడకుండ కాపాడు పదార్థము సుమారు ముప్పదినాలుగు, ముప్పదియైదు వారములకు గాని చాలినంత తయారు కాదు. అందుకే నెలలు నిండక పుట్టిన బిడ్డ ఊపిరికై పెనుగులాడును. నెలలు నిండకమునుపే నొప్పులు వచ్చినయెడల ఆలస్యము చేయక పెద్ద ఆస్పత్రికి పోవలెను.

మన యిండ్లలో పెద్దలు కొందరు, ఎక్కువ తినినయెడల బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని గర్భిణికి అన్నము తగ్గించుదురు. ప్రేమతోనే చెప్పుదురు గాని ఆ మాట సరికాదు. తల్లి తినకపోయినంతమాత్రమున కాన్పు సుళువు కాదు. బిడ్డ బలహీనమగును, తల్లి రక్తహీనురాలగును. రెండున్నర కిలోలకంటె తక్కువగా పుట్టిన బిడ్డకు జబ్బులు త్వరగా సోకును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములోని గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత కలదు. కాన్పులో రక్తము పోయినప్పుడు ఇట్టి తల్లి తట్టుకొనలేదు.

నెలలు నిండి బిడ్డ పుట్టిన క్షణమున మరియొక ఆశ్చర్యము జరుగును. గర్భములో నున్నంతకాలము బిడ్డ గుండె పై గదుల నడుమ ఒక చిన్న ద్వారము తెరచియుండి, రక్తమును ఊపిరితిత్తులకు పోనీయక ప్రక్కకు మళ్లించును. మొదటి ఊపిరితో ఊపిరితిత్తులు తెరచుకొనగానే ఆ ద్వారపు తలుపు మూసికొనును. అంతవరకు నీటిలో బ్రతికినవాడు గాలిలో బ్రతుకువాడగును.

9. ఇల్లంతయు చేయవలసిన పని

(అ) భోజనము: గర్భిణి ముందుగా, లేక అందరితోపాటు తినవలెను; అందరును తిన్న తరువాత మిగిలినది కాదు. పప్పు, ఆకుకూరలు, గ్రుడ్డు, పాలు, చేపలు, చోళ్లు, వేరుసెనగలు మన యూళ్లలో దొరకునవే. అయొడిను కలిసిన ఉప్పు వాడవలెను. అది బిడ్డ మెదడునకు అవసరము. అంగన్‌వాడీలో ఇచ్చు ఆహారము గర్భిణికే చెందవలెను.

(ఆ) మాత్రలు: నాలుగవ నెలనుండి ఇనుపధాతువు మాత్ర రోజునకు ఒకటి చొప్పున కనీసము 180 దినములు పుచ్చుకొనవలెను. టీతోగాని కాఫీతోగాని మ్రింగరాదు. నిమ్మరసమో ఉసిరికాయో తోడైనయెడల ఇనుము బాగుగా ఒంటబట్టును. కాల్షియము మాత్రను వేరొక వేళ మ్రింగవలెను. మలము నల్లబడుట చూచి భయపడి మానరాదు.

(ఇ) పరీక్షలు: తక్కువలో తక్కువ నాలుగుసార్లు పరీక్ష చేయించుకొనవలెను. 2016నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితముగా జరుగు ఏర్పాటు కలదు. కాన్పునకు పుట్టింటికి పోవు అమ్మాయి తన కార్డును వెంట తీసికొని పోవలెను. అత్తవారి ఊరిలో మొదలైన పరీక్షలు పుట్టింట ఆగిపోవుట మనకు మామూలైపోయినది.

(ఈ) విశ్రాంతి: మధ్యాహ్నము రెండు గంటలు పడుకొనిన కోడలు సోమరి కాదు. బరువైన నీళ్లబిందెలు, గడ్డిమోపులు మగవారు మోయవలెను.

(ఉ) అపాయ సూచనలు: రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖమును చేతులును వాచుట, గుర్రపువాతము, జ్వరము, ఉమ్మనీరు పోవుట, బిడ్డ కదలిక తగ్గుట. ఇందులో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేయుడి. మొదట ప్రార్థింతుము, తరువాత పోవుదుము అనకుడి. బండిలో కూర్చుండి ప్రార్థింపవచ్చును.

10. ఎవరి పాపము?

పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపఫలమని శిష్యులు అడిగిరి. వాని పాపము కాదు, వాని తలిదండ్రులదియు కాదు అని ప్రభువు బదులు చెప్పెను. ఆ ప్రశ్న నేటికిని మన వీధులలో వినబడుచున్నది.

గ్రహణపువేళ కూరగాయలు తరిగినందున బిడ్డకు మొఱ్ఱి వచ్చెనందురు. పెదవి రెండు ప్రక్కలనుండి పెరిగి మొదటి మూడు నెలలలోపుననే కలిసికొనును. కలియనిచో మొఱ్ఱి యగును. ఇందుకు వంశ కారణములు, కొన్ని మందులు, పొగ మొదలైనవి తోడ్పడును గాని చంద్రుని నీడ కాదు. మొఱ్ఱిని శస్త్రచికిత్సతో సరిచేయుదురు. అట్టి బిడ్డను దాచిపెట్టక త్వరగా చూపించుడి. మేనమామను గాని, మేనరికము గాని చేసికొనిన దంపతుల బిడ్డలలో పుట్టుకతో వచ్చు లోపములు ఇతరులకంటె కొంత ఎక్కువ. సంబంధము కుదుర్చునప్పుడు దీనిని తలంచుకొనుట వివేకము. అయిపోయిన పెండ్లిని ఎత్తిపొడుచుట వివేకము కాదు.

నెలలు నిండక గర్భము పోయిన తల్లికి మరియొక మాట. మొదటి మూడు నెలలలో పోవు గర్భములలో సుమారు సగమునకు క్రోమోజోముల లెక్క తప్పుటయే కారణము. ఆమె చేయి ఎత్తినందువలన గాని, గడప దాటినందువలన గాని అది జరుగలేదు. దిష్టియు కాదు, శాపమును కాదు. సంఘము ఆమెయొద్దకు సలహాలతో పోక ఓదార్పుతో పోవలెను. ఆమె పోగొట్టుకొనినది చిన్నదని ఎవరును అనకూడదు.

ముగింపు

నెలలు నిండకముందే మన ఇండ్లలో ఊయల సిద్ధపరచుదుము, పాతచీరలు ఉతికి మడతపెట్టుదుము, పేరు వెదకుదుము. ఇవన్నియు మంచివే. కాని రహస్యమందు నిర్మాణమగుచున్న ఆ చిన్న ప్రాణమునకు ఇప్పుడు కావలసినవి అవి కావు. తల్లి కంచములో ఒక గ్రుడ్డు, తల్లి చేతిలో ఒక మాత్ర, తల్లి తలక్రింద ఒక దిండు, తల్లి చెవిలో ఒక మంచి మాట. ఇవియే గర్భములోని బిడ్డకు మనము పంపగల కానుకలు. ఈ నెల మీ సంఘములో ఎవరెవరు గర్భవతులై యున్నారో పేరు పేరున తలంచుకొని ప్రార్థించుడి. ప్రార్థించి లేచిన తరువాత వారి యిండ్లకు పోయి, ఏమి కొదువగా నున్నదో చూచి రండి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మానోహ బిడ్డను గూర్చి అడిగినప్పుడు తల్లిని గూర్చిన జవాబు ఏల వచ్చెను?
2. బిడ్డ అవయవములకు పునాది ఏ వారములలో పడును? మన యూరిలో గర్భిణులు ఎన్నవ నెలలో పేరు వ్రాయించుకొనుచున్నారు?
3. ఆడపిల్ల పుట్టుటకు తల్లిని నిందించుట ఏల అన్యాయము?
4. మన సంఘములోని పురుషులు గర్భిణియైన భార్యకొరకు ఈ వారము విడువవలసినదేమి, చేయవలసినదేమి?
5. గర్భము పోయిన తల్లిని మనము ఏ మాటలతో ఓదార్చవలెను? ఏ మాటలు పలుకకూడదు?